డబుల్ బ్యారెల్ గొట్టాలు తుడవడానికి ఏ కిట్ కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నాన్నగారి పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకి, లైసెన్సు మీ పేరుకు మారింది. గొట్టాలు శుభ్రం చేయడానికి ఆన్‌లైన్‌లో ఇరవై ముక్కల కిట్ ఒకటి చూశారు. కొనవచ్చా అని అడుగుతున్నారు. కొనకండి. మీ ప్రశ్నకు జవాబు అంతే. ఇక మీరు అడగనివి, నేను చాలాకాలంగా ఎవరికైనా చెప్పాలనుకుంటున్నవి చెబుతాను.

మాది పశ్చిమ గోదావరి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం పేరు వినే ఉంటారు, ఇంటికొక సైనికుడు ఉన్న ఊరు. మా ఊరికి అంత పేరు లేదు కానీ, ఆ గాలి మాకూ సోకింది. నేను సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, చేసి రిటైరయ్యాను. తుపాకి కాల్చినవాళ్ళు కథలు చెబుతారు. తుపాకి తుడిచినవాళ్ళను ఎవరూ అడగరు. నా ఉద్యోగమంతా కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, గొట్టాల్లోంచి వెలుతురు చూడటంతోనే గడిచింది. అందుకే ధైర్యంగా చెబుతున్నాను: పనికిరాకుండా పోయిన గొట్టాల్లో తూటాల వల్ల అరిగినవి తక్కువ. తుడిచేవాళ్ళ చేతిలో పాడైనవి, అసలు ఎవరూ తుడవక పాడైనవి ఎక్కువ. కాదనేవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఎన్ని గొట్టాలు చూశారో ముందు అడగండి.

సైన్యంలోని పాత త్రీనాట్‌త్రీ రైఫిల్‌కు బట్, అంటే భుజానికి ఆనించే చెక్క, వెనక ఇత్తడి పలకలో ఒక చిన్న తలుపు ఉంటుంది. బొటనవేలితో తెరిస్తే లోపల ఇత్తడి నూనె సీసా, చుట్టచుట్టిన పుల్‌త్రూ. పుల్‌త్రూ అంటే పెద్ద యంత్రమేమీ కాదు, ఒక గట్టి తాడు. ఒక చివర ఇత్తడి బరువు, ఇంకో చివర మూడు ఉచ్చులు. బరువు వైపు నుంచి చూస్తే మొదటి ఉచ్చు తీగ జాలీకి, రెండోది చిందీకి, అంటే గుడ్డపేలికకు. మూడోది దేనికో కొత్త కుర్రాళ్ళలో ఒక్కడూ సరిగ్గా చెప్పడు. గొట్టంలో గుడ్డ ఇరుక్కుపోతే వెనక్కి లాగడానికి అది! పేలిక ఇరుక్కోవడం ఖాయమని ముందే తెలిసినవాడు చేసిన పనిముట్టు. మనిషి తొందరను లెక్కలో వేసుకుని గీసిన అలాంటి నమూనాలు నేను ఎక్కువ చూడలేదు.

చిందీకి కూడా కొలత ఉంది. పొడిగా తుడవడానికి 4 అంగుళాలకు 2 అంగుళాలు. నూనె పట్టించడానికి 4 అంగుళాలకు ఒకటిన్నర. నూనె గుడ్డ ఎందుకు చిన్నది? బిగుతుగా ఉంటే వెళుతూ వెళుతూ తను పూసిన నూనెను తానే పిండి బయటికి లాగేస్తుంది కాబట్టి. ఈ అరంగుళం తేడా మీద నేను ఎన్ని పాఠాలు చెప్పానో, ఎంతమంది ఆవలించారో!

ఆ తాడును కూడా వంకరగా లాగకూడదు. గొట్టం మూతి అంచుకు రాసుకుంటూ లాగితే, తాడుకు అంటిన దుమ్ము ఆకురాయి పని చేస్తుంది. కొన్నేళ్ళకు ఆ అంచు ఒక పక్కకు అరుగుతుంది. తూటా గొట్టాన్ని వదిలే ముందు చివరిసారి తాకేది ఆ అంచునే. అది గుండ్రంగా లేకపోతే గురి ఎక్కడికో పోతుంది, సిపాయి తన కంటిని తిట్టుకుంటాడు. త్రీనాట్‌త్రీ గొట్టం లోపలి గోడ మీద ఎడమవైపు మెలితిరిగే గాళ్ళు, అంటే తూటాను తిప్పే గాడులు, సాధారణంగా ఐదు ఉంటాయి. మీ పన్నెండు బోర్‌లో గాళ్ళు ఉండవు, నున్నటి గొట్టం. "గాళ్ళే లేవు, ఇక ఏముంది పాడవడానికి" అని మీకు ఎవరో ఒకరు చెబుతారు. అలా చెప్పినవాళ్ళ తుపాకి ఒకటి మా ఇంటికి వచ్చింది.

ఆ రోజు దసరా ముందు వాన. మా దూరపు బంధువుల అబ్బాయి, బంగారం తాకట్టు పెట్టుకునే ఒక కంపెనీ దగ్గర గన్‌మన్. జీతం ఇచ్చేది ఒక సెక్యూరిటీ ఏజెన్సీ, తుపాకి మాత్రం సొంతం, తండ్రి నుంచి వచ్చింది. రెక్సిన్ సంచీలో తుపాకి, తలమీద ప్లాస్టిక్ కవరు, స్కూటరు దిగీ దిగకుండానే, "బాబాయి గారూ, రేపు మధ్యాహ్నం ఇన్‌స్పెక్షన్. ఎడమ గొట్టంలో గుడ్డ ఇరుక్కుంది" అన్నాడు.

"తూటాలు తీశావా?"

"తీశానండీ."

తీశానని ఎవరు చెప్పినా నేను నమ్మను. మీరూ నమ్మకండి. తుపాకి విరిచి, అంటే మడత దగ్గర తెరిచి, తూటాలు కూర్చునే రెండు ఛాంబర్లలోనూ చిటికెన వేలు పెట్టి చూసిన తరువాతే మిగతా మాటలు. నాకు ఇంకో షరతు కూడా ఉంది: లైసెన్సు ఉన్న మనిషి పక్కన లేకుండా ఆ తుపాకిని ముట్టను, ఆ మనిషి లేకుండా అది మా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. అందువల్ల ఆ అబ్బాయి ఆ రాత్రి మా వసారాలో బల్లమీదే పడుకోవలసి వచ్చింది. మా ఆవిడ నన్నే కోప్పడింది, వాడిని కాదు.

గొట్టాల కింద ఉండే చెక్క తీసి, గొట్టాలు విడదీసి, లైటు కింద పెట్టి చూశాను. కుడి గొట్టం చివరిదాకా వెలుతురు, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు. ఎడమది చీకటి. ఏం చేశావని అడిగితే విడతలు విడతలుగా బయటపడింది. వాళ్ళ నాన్న కాలంనాటి మూడు ముక్కల చెక్క కడ్డీ ఉందట, ముక్కల మధ్య ఇత్తడి మరలు. కొసకు పాత బనియను గుడ్డ చుట్టి వెనక నుంచి తోశాడు. అంతవరకు పద్ధతే. బిగుతుగా ఉంటే బాగా శుభ్రమవుతుందని గుడ్డ మందంగా చుట్టాడు. గొట్టం పొడవునా సాఫీగా వెళ్ళి, మూతికి మూడు వేళ్ళ దూరంలో ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో ఎవరైనా చెప్పగలగాలి, ఎవరూ చెప్పరు. పన్నెండు బోర్ గొట్టం లోపల సుమారు 18.5 మిల్లీమీటర్లు. కానీ చాలా డబుల్ బ్యారెళ్ళలో మూతి దగ్గర సన్నబడుతుంది, గుళ్ళు చెదిరిపోకుండా. దాన్నే చోక్ అంటారు. సాధారణంగా ఎడమ గొట్టానికి చోక్ ఎక్కువ. ఫుల్ చోక్ అయితే దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గిపోతుంది. ఒక మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. నలిగి బిగుసుకున్న బనియను గుడ్డకు అదే గోడ.

అక్కడితో ఆగినా బాగుండేది. వెనక్కి లాగితే రాలేదని కడ్డీని మెలిపెట్టాడు, అదీ ఎడమవైపు. మర ఊడింది. కొసముక్క గుడ్డతో సహా లోపలే ఉండిపోయి, మిగతా రెండు ముక్కలు చేతికి వచ్చాయి. తరువాత మూతిలోంచి గొడుగు కమ్మీ పెట్టి పొడిచాడు. గుడ్డ ఇంకా బిగిసింది. ఇక చివరిది వినండి. వాళ్ళ సూపర్‌వైజరును అడిగితే, "ఒక తూటా వేసి కాల్చు, గుడ్డ దానంతట అదే ఎగిరిపోతుంది" అన్నాడట.

నేను ఒక క్షణం నోరు మెదపలేదు. అడ్డం ఉన్న గొట్టంలో తూటా పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. ఎడమ చెయ్యి ఉండేది సరిగ్గా ఆ గొట్టాల కిందే. ఆ సలహా ఇచ్చిన మనిషి నలభై మంది గన్‌మన్‌లకు పై అధికారి. ఆ అబ్బాయికి భయం వేసి నా దగ్గరికి వచ్చాడు కాబట్టి సరిపోయింది.

గొట్టాల మూతి పైకి ఉండేలా గోడకు ఆనించి, కింద పాత న్యూస్‌పేపర్లు పరిచాను. ఎడమ మూతిలో కిరోసిన్, మిషను నూనె కలిపి కొద్దికొద్దిగా పోశాను. గుడ్డలో ఇంకడానికి రాత్రంతా వదిలేశాను. ఇక్కడ తొందర పనికిరాదు. వాడు గంటకొకసారి లేచి చూసి రావడం నాకు వినబడుతూనే ఉంది.

పొద్దున్న గొట్టం లోపలికి వదులుగా పట్టే నున్నటి గుండ్రటి కర్ర ఒకటి, కొస చదునుగా కోసి, మూతి వైపు నుంచి పెట్టాను. ఇరుక్కున్నది వచ్చిన దారినే వెనక్కి పోవాలి, వెనక వైపు గొట్టం వెడల్పు కాబట్టి. గొడుగు కమ్మీ కూడా అటువైపు నుంచే పొడిచింది కదా అంటారేమో. సన్నటి కమ్మీ గుడ్డ మధ్యలో గుచ్చుకుని అంచులను ఇంకా విప్పుతుంది. చదునైన కర్ర మొత్తాన్ని ఒకేసారి నెడుతుంది. చెక్క సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు వేస్తే కదలలేదు, మూడో దెబ్బకు కర్ర చేతిలో ఒక్కసారి తేలికైంది. ఆ తరువాత చేత్తో నెట్టినా జారింది. వెనక ఛాంబర్లోంచి నల్లటి ముద్ద న్యూస్‌పేపరు మీద పడింది.

విప్పి చూస్తే బనియను అడుగు అంచు. మడిచి డబుల్ కుట్టు వేస్తారు చూడండి, ఆ కుట్టు. దానికి కంపెనీ లేబులు కూడా అలాగే ఉంది, 90 సెంటీమీటర్ల సైజు అని చదవగలిగాను. మెత్తటి భాగం చించి తీసుకుని ఉంటే చోక్ దాటి వెళ్ళిపోయేదే. ఆ కుట్టు మందమే కొంప ముంచింది.

గొట్టం కడిగి తుడిచి మళ్ళీ లైటు కింద పెడితే, చోక్ దగ్గర కమ్మీ గీతలు సన్నగా మెరుస్తున్నాయి. వాటి సంగతి ఇక అంతే. కానీ నన్ను బాధపెట్టింది ఛాంబర్. లోపల గుండ్రంగా తుప్పు గుంటలు. సంచీలోంచి తూటాలు తీయించి చూశాను. ఇత్తడి అడుగున ఆకుపచ్చ చిలుము. అవే రెండు తూటాలు ఏడాది పొడవునా తుపాకిలోనే ఉంటున్నాయట. వానాకాలం తేమ తూటాకు, ఛాంబర్‌కు మధ్య చేరి అక్కడే కూర్చుంది. ఒక్కసారీ కాల్చని తుపాకి అది. కాల్చలేదు కాబట్టి తుడవవలసిన పనిలేదని వాళ్ళ లెక్క.

ఆ ఏజెన్సీ యూనిఫాం డబ్బు జీతంలో కోస్తుంది, బూట్ల డబ్బు కోస్తుంది, టోపీ డబ్బు కూడా కోస్తుంది. ఒక కడ్డీ, ఒక బ్రష్ కొనివ్వదు. ఎవరూ గంటసేపు కూర్చోబెట్టి నేర్పరు. ఇన్‌స్పెక్షన్ అంటే పైపాలిష్ చూసి సంతకం పెట్టడం. డబ్బుకు కాపలా కాసేవాడి చేతిలోని వస్తువు మీద ఇంత నిర్లక్ష్యం నాకు ఎన్నటికీ అర్థం కాదు.

సరే, మీ సంగతి. మీకు కావలసినది ఒకటే ముక్కగా ఉన్న మంచి కడ్డీ. చెక్కదైనా సరే, పైన ప్లాస్టిక్ పూత ఉన్న ఉక్కుదైనా సరే. ఆన్‌లైన్ కిట్లలో వచ్చే ముక్కల అల్యూమినియం కడ్డీలు వద్దు. మెత్తటి లోహం కాబట్టి దుమ్ము అందులో గుచ్చుకుని ఉండిపోతుంది, కొన్నాళ్ళకు మరలు వదులవుతాయి. ఇంట్లో ఇప్పటికే ముక్కల కడ్డీ ఉంటే, తిప్పవలసి వస్తే కుడివైపే తిప్పండి. దాని కొసకు పన్నెండు బోర్ జాగ్, అంటే గుడ్డ పట్టే ముక్క, ఒక ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్, నూనె పూయడానికి ఒక ఉన్ని మాప్. తూటాలను వెనక్కి నెట్టే ఎక్స్‌ట్రాక్టర్ల సందుల్లో పాత పళ్ళ బ్రష్ చాలు. గుడ్డకు మాత్రం ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పంచెను మించినది లేదు. అంచు చించి పారేయండి. పాలిస్టర్ వద్దు, అది తేమ పీల్చదు.

పని ఎప్పుడూ వెనక నుంచి ముందుకే, గొట్టాలు విడదీసి. ముందు పొడి గుడ్డ, తరువాత బ్రష్, మళ్ళీ పొడి గుడ్డ తెల్లగా వచ్చేదాకా, ఆఖరున పలచగా నూనె. బ్రష్‌ను గొట్టం మధ్యలో దిశ మార్చకండి, పూర్తిగా బయటికి వచ్చాకే వెనక్కి లాగండి. ఛాంబర్ దాటగానే గొట్టం సన్నబడే చోట సీసం మరక ఎక్కువ పడుతుంది, ఇప్పటి తూటాలయితే ప్లాస్టిక్ మరక కూడా. ఎక్కువసేపు ఉండవలసింది అక్కడ. అందరూ మెరిసే మధ్యభాగాన్నే పట్టుకుని తోముతారు.

కిట్లలో పాములాంటి తాడు ఒకటి వస్తుంది, బోర్ స్నేక్ అంటారు. బయట కాల్చినప్పుడు ఒకసారి లాగడానికి మంచిదే. కానీ దాన్ని ఉతకని మనిషి నిన్నటి మసిని ఇవాళ మళ్ళీ గొట్టానికి పూస్తున్నట్టే. ఉతికేవాళ్ళను నేను చూడలేదు.

నూనె విషయంలో మూడు మాటలు. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకడుతుంది. డబ్ల్యూడీ-40 తేమను తరమడానికి పనికొస్తుంది, నెలల తరబడి దాచే తుపాకికి కాపలా కాయదు. ఆయుధాల నూనె దొరక్కపోతే కుట్టు మిషను నూనె నయం, అది కూడా నెలకొకసారి తుడిచి మళ్ళీ పూస్తేనే. కాల్చారా లేదా అన్నది కాదు, క్యాలెండరు చూసి తుడవాలి. కోస్తాలో వానాకాలంలో అయితే ఇంకా దగ్గర దగ్గరగా.

పాత త్రీనాట్‌త్రీ తూటాలకు నూనె ఒక్కటే చాలేది కాదు. వాటి అడుగున మంట పుట్టించే క్యాప్‌లోని రసాయనం పేలాక గొట్టంలో ఒక రకం ఉప్పును వదిలేది. పొటాషియం క్లోరైడ్. అది గాలిలోని తేమను లాక్కుని రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. ఉప్పు నూనెలో కరగదు. ఆవకాయ జాడీలో నూనె ఎంత తేలినా అడుగున ఉప్పు ఉప్పుగానే ఉండటం మీరు చూసే ఉంటారు. అందుకే వెనక నుంచి గరాటు పెట్టి మరిగే నీళ్ళు పోసేవాళ్ళం. వేడికి గొట్టం తనంతట తానే ఆరుతుంది, ఆపైన నూనె. తుపాకిలో నీళ్ళా అని నవ్వేవాళ్ళు ఉండేవారు. నల్ల తుపాకిమందుతో కాల్చే నాటు తుపాకులకు కూడా నీళ్ళే వైద్యం.

ఇంకో సందేహం కూడా చాలామంది అడుగుతారు: ఇదే సరంజామా పిల్లల ఎయిర్ రైఫిల్‌కు వాడవచ్చా అని. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పతకం తెచ్చిన దగ్గర నుంచి మన వైపు కూడా పిల్లలు ఆ 4.5 మిల్లీమీటర్ల రైఫిళ్ళు పట్టుకుంటున్నారు. వాడవద్దు. అందులో మందు లేదు, మసి లేదు. చిన్న ఫెల్ట్ గుళ్ళు వస్తాయి, అవే శుభ్రం చేస్తాయి. కంచు బ్రష్, ఘాటైన ద్రవాలు పెడితే గొట్టం, లోపలి సీళ్ళు రెండూ పోతాయి. మా మనవడు తన రైఫిల్ జోలికి నన్ను రానివ్వడు, వాడు చేసేది సరైనదే.

దసరా సంగతి కూడా చెప్పనివ్వండి. ఆయుధపూజ నేనూ భక్తిగా చేస్తాను. కోత్‌లో ప్రతి ఏడూ చేశాం. కానీ తడి కుంకుమ బొట్టు గొట్టం మీద పెట్టి, అమ్మవారి గుర్తని పది రోజులు తుడవకుండా ఉంచుతారు చూడండి, ఆ బొట్టు కింద గుండ్రంగా తుప్పు మచ్చ తయారవుతుంది. బట్ చెక్కకు పెట్టండి, అమ్మవారు కాదనదు. సినిమాల్లో కాల్చిన తరువాత మూతిలోకి ఉఫ్ అని ఊదే హీరోలను చూసి ఎవరూ నేర్చుకోకుండా ఉంటే అదే పదివేలు. ఊపిరి అంటే తేమే కదా.

దాచేటప్పుడు తోలు సంచీలో, రెక్సిన్ సంచీలో పెట్టకండి. అవి తేమను పట్టి ఉంచుతాయి. తాళం వేసిన బీరువాలో, వీలైతే మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. నూనె కారి బట్ చెక్కలోకి ఇంకకుండా ఉంటుంది.

ఇక ఎన్నికలు. మీకు లైసెన్సు కొత్త కాబట్టి చెబుతున్నాను. ఎన్నికల కోడ్ వచ్చాక తుపాకి అప్పగించమని కబురు వస్తే అప్పగించాలి, అందులో వాదన లేదు. 2024లో కోడ్ వచ్చింది మార్చి 16న, ఓట్లు లెక్కించింది జూన్ 4న. అంతకాలం మీ తుపాకి మీ కంటికి కనిపించదు. ఒక స్టేషన్లో అవి ఎలా పెడతారో చూశాను: గోడవారగా ఒకదానిమీద ఒకటి, మూతులు నేలకు కొట్టుకుంటూ, పైన కిటికీ తెరిచి. పోలీసులను అనవలసిన పనిలేదు, వాళ్ళకు ఉన్న పనుల్లో ఇది ఎన్నోది? లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర డిపాజిట్ చేయడానికి వీలుంటే అక్కడే చేయండి, రసీదు తీసుకుని స్టేషన్లో చూపండి. ఎక్కడిచ్చినా ఇచ్చే ముందు రోజు గొట్టాల లోపల మామూలుకన్నా చిక్కగా నూనె పూయండి, సంచీ మాత్రం ఇవ్వకండి. రసీదులో తుపాకి నంబరుతో పాటు "గొట్టాలు శుభ్రంగా ఉన్నవి" అన్న ముక్క కూడా రాయించండి. రాయడానికి విసుక్కుంటారు, నిలబడి రాయించుకోండి. తిరిగి వచ్చిన రోజు ఆ చిక్కటి నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తీసేవరకు తూటా పెట్టకండి. ఈలోగా గొట్టంలో ఏ సాలీడు గూడు కట్టిందో, ఎవరు ఏ కాగితం ఉండచుట్టి దూర్చారో కూడా చూసుకోవాలి. నాకు ఒకసారి ఎవరిదో తుపాకిలో బీడీ ముక్క దొరికింది.